అంచు దగ్గరి గొడవ ఎంత దూరం పోతుంది?

స్లాబ్ వేసే రోజున సైట్ ఇంజనీరు మిల్లర్‌లోంచి వచ్చిన కాంక్రీటులో కొంత తీయించి, 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చుల్లో పోయించి పక్కన పెట్టిస్తాడు. మర్నాడు అచ్చు విప్పి క్యూబ్‌లను నీళ్ల తొట్టిలో వేస్తారు. 28 రోజులు నానిన క్యూబ్‌ను ల్యాబ్‌లో రెండు ఉక్కు పలకల మధ్య పెట్టి, అది చితికేదాకా నొక్కుతారు. అందరి చూపూ యంత్రం చూపించే అంకె మీదే ఉంటుంది. చితికిన క్యూబ్ ఆకారాన్ని కూడా ఒకసారి చూడాలి. నాలుగు పక్కలూ పెచ్చులుగా ఊడిపోయి, నడుము సన్నబడి, డమరుకంలా మిగులుతుంది. పైనొక పిరమిడ్, కిందొక పిరమిడ్, రెండింటి మొనలూ ఎదురెదురుగా.

ఆ పిరమిడ్లు ఎందుకు మిగిలాయి? పైనుంచి నొక్కితే కాంక్రీటు పక్కలకు ఉబ్బబోతుంది. ఉక్కు పలక రాపిడితో పట్టుకుని దాన్ని ఉబ్బనివ్వదు. ఆ పట్టు అన్ని వైపుల నుంచీ మధ్యకే లాగుతుంది కాబట్టి ఆ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మొత్తం కలిపితే సున్నా. అయినా పలక దగ్గర వాటి ప్రభావం గట్టిగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. క్యూబ్ ఎత్తూ వెడల్పూ ఒకటే గనక పై పట్టూ కింది పట్టూ నడిమిదాకా చేరుకుంటాయి. దాంతో కాంక్రీటు తనకున్న బలం కన్నా ఎక్కువ బలం చూపిస్తుంది.

అదే కాంక్రీటును 150 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సిలిండర్‌గా పోసి నొక్కితే మధ్యభాగం ఆ పట్టుకు చాలావరకు అందదు. అంకె పడిపోతుంది. సిలిండర్ బలాన్ని క్యూబ్ బలంలో సుమారు 0.8 వంతుగా లెక్కగట్టడం మన ఇంజనీర్లకు అలవాటే. కట్టిన నిర్మాణంలోంచి తొలిచి తీసిన కోర్ ఎత్తు దాని వ్యాసానికి రెండింతలు లేకపోతే సవరణ గుణకం వాడాలన్న నిబంధన వెనక ఉన్నదీ ఈ సంగతే.

అంచు దగ్గర జరిగిన గొడవ లోపలికి ఎంత దూరం పోతుంది? స్థితిస్థాపకత శాస్త్రంలో ఈ ప్రశ్నకు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో వినిపించే పేరు సెయింట్ వెనాంట్ సూత్రం. ఒకే మొత్తం బలం, ఒకే మొత్తం భ్రామకం ఇచ్చే రెండు రకాల బరువులను కడ్డీ చివర మార్చి మార్చి పెట్టినా, ఆ చివర నుంచి దూరంగా ఉన్నచోట ప్రతిబలాలు దాదాపు ఒకటే అన్నది దాని సారాంశం. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. అసలు చిక్కంతా ఆ ‘దూరంగా’ అన్న మాటలో ఉంది. ఎంత దూరం? మీటరా, మిల్లీమీటరా? ఆ దూరాన్ని ఎవరు నిర్ణయిస్తారు? ఒకటిన్నర శతాబ్దానికి పైగా గణితవేత్తలు, ఇంజనీర్లు చేసిన పని మొత్తాన్ని ఈ ఒక్క మాటకు అర్థం వెతకడంగా చదవవచ్చు.

బారే ద సెయింట్ వెనాంట్ (1797–1886) ఫ్రెంచ్ ఇంజనీరు. 1814లో శత్రు సైన్యాలు పారిస్ మీదికి వస్తుంటే ఎకోల్ పాలిటెక్నిక్ విద్యార్థులను యుద్ధానికి పిలిచారు. నెపోలియన్ తరఫున పోరాడటానికి మనస్సాక్షి ఒప్పుకోదని ఇంకా పదిహేడు నిండని ఈ కుర్రాడు నిరాకరించాడు. చదువు పోయింది. 1823లో వంతెనలు, రోడ్ల ఇంజనీరింగ్ పాఠశాలలో చేరాక కూడా తోటివాళ్లు రెండేళ్లు అతన్ని వెలివేసినట్టే చూశారు. చదువులో మాత్రం ముందే ఉన్నాడు.

కడ్డీలను మెలిపెడితే ఏమవుతుందో వివరించిన ఆయన మహా వ్యాసం 1855లో అచ్చయింది. చతురస్రం, త్రిభుజం, దీర్ఘవృత్తం లాంటి అడ్డుకోతలున్న కడ్డీలకు అందులో కచ్చితమైన పరిష్కారాలు ఇచ్చాడు. అయితే ఆ పరిష్కారాలు పూర్తిగా నిజం కావాలంటే కడ్డీ చివర బలాలు ఆయన సూత్రం చెప్పిన తీరులోనే పరుచుకుని ఉండాలి. ఏ పట్టుకారూ అలా పట్టుకోదు. ఈ తేడా కడ్డీ చివర దగ్గరే ఆగిపోతుందని సెయింట్ వెనాంట్ నమ్మాడు. రబ్బరు కడ్డీలను నొక్కి చూసి, వికృతి ఒత్తిన చోటు చుట్టుపక్కలే ఉంటుందని చూపించాడు. రుజువు మాత్రం ఇవ్వలేదు. తను వాడుతున్న ఊహను దాచకుండా కాగితం మీద పెట్టడమే ఆ వ్యాసంలోని గొప్పదనం. ఆ తర్వాతి వందేళ్ల పరిశోధన దాని మీదే నిలబడింది.

1885లో బూసినెస్క్ సూత్రాన్ని కడ్డీల నుంచి విడదీసి ఏ ఘన వస్తువుకైనా వర్తించేలా చెప్పాడు. ఆయన నమూనా నేల లాంటిది: పైన సమతలం, కింద అంతులేని లోతు. పునాది ఇంజనీర్లు ఈ రోజుకీ వాడే లెక్క ఆయనదే. బరువు కింద నిలువు ప్రతిబలం లోతు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. చతురస్రపు పునాది కింద దాని వెడల్పుకు సుమారు రెండింతల లోతుకు పోయేసరికి పై ఒత్తిడిలో పదోవంతు మిగులుతుంది. ఇంటి కోసం నేల పరీక్షించేటప్పుడు బోరు ఎంత లోతు వెయ్యాలన్నది ఈ లెక్కను బట్టే తేలుతుంది.

బూసినెస్క్ మాటలో ఒక పగులు ఉందని 1945లో రిచర్డ్ ఫాన్ మీసెస్ కనిపెట్టాడు. రబ్బరు దిమ్మె ఉపరితలాన్ని రెండు వేళ్లతో గిల్లినట్టు, ఒకే గీత మీద ఎదురెదురుగా రెండు సమాన బలాలు పనిచేస్తున్నాయనుకుందాం. మొత్తం బలం సున్నా, మొత్తం భ్రామకం సున్నా. సూత్రం ప్రకారం వీటి ప్రభావం బాగా త్వరగా చచ్చిపోవాలి. మీసెస్ లెక్కలో అలా జరగలేదు. గిల్లుడు ప్రభావం అనుకున్నంత వేగంగా తగ్గలేదు. ఆ రెండు బలాలనూ ఉన్నచోటే తొంభై డిగ్రీలు తిప్పితే అవి ఒక జంటగా మారి దిమ్మెను తిప్పబోతాయి. ఎటు తిప్పినా సమతుల్యం చెడని బలాలైతేనే ప్రభావం అంత త్వరగా తగ్గుతుంది. 1954లో ఎలీ స్టెర్న్‌బెర్గ్ దీనికి గట్టి రుజువు ఇచ్చాడు. దశాబ్దాల పాటు అందరూ నమ్మిన మాట సగమే నిజమని తేల్చిన ఈ రెండు వ్యాసాలను ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ చదవాలి.

ఇంతకీ నేలలో తగ్గుదల ఒక రకం, కడ్డీలో తగ్గుదల ఇంకో రకం. నేలలో ప్రభావం అన్ని వైపులా పరుచుకునే చోటుంది కాబట్టి దూరానికి ఏదో ఒక ఘాతం చొప్పున పలచబడుతుంది. కడ్డీలో పక్కలకు పోయే దారి లేదు, ముందుకు పోవడమే. అయినా అక్కడే తగ్గుదల ఇంకా వేగంగా, చక్రవడ్డీని తిరగేసినట్టు ఉంటుంది. ఎందుకలా?

దీనికి 1965లో రిచర్డ్ టూపిన్ ఇచ్చిన రుజువు చూడముచ్చటైనది. పొడవాటి కడ్డీ ఎడమ చివర తమలో తామే రద్దయ్యే బలాలు పనిచేస్తున్నాయి, మిగతా ఉపరితలాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. చివరి నుంచి కొంత దూరంలో కడ్డీని అడ్డంగా కోసినట్టు ఊహిద్దాం. కోతకు అవతలి భాగంలో దాగిన శక్తి, ఆ కోత మీది బలాలు చేసిన పనికి సమానం. కోత మీద మొత్తం బలం, మొత్తం భ్రామకం రెండూ సున్నాయే. కాబట్టి అక్కడి పలుచని బిళ్ల మొత్తంగా పక్కకు జరిగినా, మొత్తంగా తిరిగినా పనేమీ జరగదు. ఆ జరుగుడునూ తిరుగుడునూ లెక్కలోంచి తీసేయవచ్చు. ఇక మిగిలేది బిళ్ల ఆకారం మారడం వల్ల వచ్చిన కదలిక ఒక్కటే. అది బిళ్లలో ఉన్న శక్తిని బట్టి ఒక హద్దులో ఉంటుంది.

అంటే కోతకు అవతలున్న మొత్తం శక్తి, కోత దగ్గరి బిళ్లలో ఉన్న శక్తికి ఒక స్థిరమైన రెట్ల సంఖ్యను మించదు. కోతను ఒక అడుగు ముందుకు జరిపితే మొత్తంలోంచి పోయేది ఆ బిళ్ల శక్తే. ఎంత ఉంటే అందులో కనీసం ఇన్నో వంతు ప్రతి అడుగుకూ పోతూ ఉంటుందన్నమాట. బలం, భ్రామకం సున్నా కావాలన్న షరతు ఎక్కడ అవసరపడిందో ఈ రుజువులో వేలు పెట్టి చూపించవచ్చు. తగ్గే వేగం వేటి మీద ఆధారపడుతుందో కూడా టూపిన్ చెప్పాడు: పదార్థపు స్థితిస్థాపక గుణకాలు, ఆ బిళ్లను విడిగా తీసి మోగిస్తే వచ్చే అతి తక్కువ సహజ పౌనఃపున్యం. మెత్తగా ఊగే బిళ్లలున్న కడ్డీలో అంచు ప్రభావం చాలా దూరం పోతుంది. ఈ ముక్కను గుర్తుపెట్టుకోవాలి, కాసేపట్లో పనికొస్తుంది.

మరుసటి ఏడాది జేమ్స్ నోల్స్ పలుచని పట్టీలకు ఇలాంటి అంచనానే ఇచ్చాడు. శక్తి అసమానతల పద్ధతి అక్కడి నుంచి ఒక పెద్ద పాయగా పారింది. రష్యాలో ఓల్గా ఒలైనిక్ బృందం దాన్ని అనంత ప్రదేశాల్లో పరిష్కారం ఒకటే ఉంటుందా అన్న ప్రశ్నలకు వాడింది. 1983లో కార్నీలియస్ హోర్గన్, నోల్స్ కలిసి రాసిన సుదీర్ఘ సమీక్ష, తర్వాత 1989లోనూ 1996లోనూ హోర్గన్ చేర్చిన కొనసాగింపులు ఈ రంగానికి దారిపటాలు. అసమానతలతో వచ్చే అంచనాలకు ఒక లోటుంది. అవి ఎప్పుడూ భద్రత వైపే మొగ్గుతాయి, తగ్గుదల ఉన్నదానికన్నా నిదానమని చెబుతాయి. కొన్ని ఆకారాలకు మాత్రం కచ్చితమైన అంకె దొరుకుతుంది.

పొడవాటి సమాన వెడల్పు పట్టీ వాటిలో ఒకటి. 1940లో ఫాడ్లే, పాప్కోవిచ్ విడివిడిగా కట్టిన లెక్క ప్రకారం అందులో తగ్గుదల వేగం 4.21. ఒక వెడల్పు దూరం పోయేసరికి మిగిలేది సుమారు ఒకటిన్నర శాతం. రెండు వెడల్పులు దాటితే పదివేలలో రెండు వంతులు. ‘చివరి నుంచి ఒక వెడల్పు దూరం వదిలేస్తే చాలు’ అని ఇంజనీర్లు చెప్పుకునే వాడుకకు మూలం ఇదే.

ఆ 4.21 పక్కన 2.25 అనే ఒక కల్పిత భాగం కూడా ఉంది. దానివల్ల ప్రభావం తగ్గుతూ తగ్గుతూ గుర్తు మార్చుకుంటుంది. లాగుడు కాస్తా నొక్కుడవుతుంది, మళ్లీ లాగుడవుతుంది. రెండు గోడల మధ్య నిదానంగా పారే చిక్కని ద్రవానికీ ఇదే సమీకరణం. అక్కడ ఈ అంకె కంటికి కనిపిస్తుంది: నిలకడగా ఉన్న ద్రవాన్ని ఒక చివర కలియబెడితే, లోపలికి ఒకదాని తర్వాత ఒకటి ఎదురు దిక్కుల్లో తిరిగే సుడుల వరస పుడుతుంది. ఒక్కో సుడి ముందుదానికన్నా 350 రెట్లకు పైగా బలహీనం. మూలల్లో పుట్టే ఇలాంటి సుడులను కీత్ మొఫాట్ 1964లో వివరించాడు.

ఒక వెడల్పు చాలన్న వాడుక ఎక్కడ మోసం చేస్తుందో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఏ4 కాగితాన్ని పొడవు 297 మిల్లీమీటర్లు ఉండేలా గొట్టంగా చుట్టి, అంచులు కలిసే గీత పొడవునా టేపు అంటించాలి. వ్యాసం సుమారు 67 మిల్లీమీటర్లు వస్తుంది. ఇప్పుడు ఒక చివరను రెండు వేళ్లతో నొక్కి చూస్తే అవతలి చివర కూడా కోడిగుడ్డులా సాగుతుంది. నొక్కిన బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవే. సూత్రం ప్రకారం ప్రభావం ఒక వ్యాసం దూరంలో పోవాలి. గొట్టం నాలుగు వ్యాసాలకు పైగా పొడవుంది. అయినా పోలేదు.

కారణం టూపిన్ చెప్పిన మెత్తటి బిళ్లే. పలుచని వలయాన్ని నొక్కి అండాకారం చేయడం అతి తేలిక. 2007లో మహదేవన్, వజీరి, దాస్ గొట్టం మీది నొక్కు ఎంత దూరం నిలుస్తుందో లెక్కగట్టారు. వ్యాసార్ధాన్ని గోడ మందంతో భాగించి, వర్గమూలం తీసి, మళ్లీ వ్యాసార్ధంతో గుణిస్తే ఆ దూరం వస్తుంది. కాగితం మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే మన గొట్టానికి వచ్చేది 600 మిల్లీమీటర్ల పైమాటే, అంటే కాగితం పొడవుకు రెండింతలు. అదే గొట్టం చుట్టూ సమానంగా నొక్కితే ప్రభావం రెండు మిల్లీమీటర్ల లోపే అణగిపోతుంది. ఒకే కాగితం, ఒకే గొట్టం; నొక్కే తీరు మారితే దూరం మూడు వందల రెట్లు మారింది.

విమాన ఇంజనీర్లకు ఈ సంగతి ముందే తగిలింది. రేకులతో కట్టిన విమాన నిర్మాణాలకు సెయింట్ వెనాంట్ సూత్రం ఎంతవరకు చెల్లుతుందని 1945లోనే నికొలస్ హాఫ్ ప్రశ్నించాడు. ఐ ఆకారపు దూలాన్ని తీసుకుంటే, పై రెక్కను ఒక దిక్కుకూ కింది రెక్కను ఎదురు దిక్కుకూ వంచేలా నాలుగు మూలల్లో నాలుగు బలాలు పెట్టవచ్చు. వాటి మొత్తం బలం సున్నా, మొత్తం భ్రామకం సున్నా. అయినా దూలం మెలి తిరుగుతుంది, ఆ మెలి దూలం ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం పోతుంది. వ్లాసోవ్ కట్టిన పలుచని గోడల దూలాల సిద్ధాంతం దీన్ని ఒక ప్రత్యేక భ్రామకంగా గుర్తించి లెక్కలోకి తెచ్చింది. మూతలేని చెప్పుల డబ్బాను రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టి చూసినవాళ్లకు ఆ సిద్ధాంతం సగం అర్థమైనట్టే.

ఆకారం మామూలుదే అయినా పదార్థం దెబ్బకొట్టవచ్చు. కార్బన్ నారను ఎపాక్సీలో బిగించిన పట్టీకి నారల దిశలో ఉక్కుకు దీటైన బిగువు ఉంటుంది. కోతకు మాత్రం ఎపాక్సీ ఒక్కటే దిక్కు, అది మెత్తన. ఇలాంటి పట్టీల్లో ప్రభావం పోయే దూరం, పొడవు దిశ యంగ్ గుణకాన్ని కోత గుణకంతో భాగించగా వచ్చేదాని వర్గమూలం చొప్పున పెరుగుతుందని 1970లలో హోర్గన్, చోయ్ చూపించారు. ఆ గుణకాలు 140, 5 గిగాపాస్కల్స్ అనుకుంటే వర్గమూలం 5.3. అంచు ప్రభావం వందో వంతుకు పడటానికి ఉక్కు పట్టీలో సుమారు ఒక వెడల్పు చాలు. ఇక్కడ సుమారు నాలుగు కావాలి.

దీని బరువు ఎంతో ల్యాబ్ బల్ల మీద తెలుస్తుంది. ఇలాంటి కాంపోజిట్‌లను లాగి పరీక్షించడానికి వాడే అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం డీ3039 నారలన్నీ పొడవునా ఉన్న పట్టీకి సూచించే కొలతలు 250 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు. రెండు చివర్లా 56 మిల్లీమీటర్ల చొప్పున పట్టుకోవడానికి పోతే మధ్యలో మిగిలేది 138. నాలుగు వెడల్పులంటే 60. రెండు వైపులా 60 తీసేస్తే, పట్టు ప్రభావం సోకని చోటు మధ్యలో 18 మిల్లీమీటర్లే. స్ట్రెయిన్ గేజ్‌ను కచ్చితంగా నడిమధ్యలో అంటించమని గురువులు ఎందుకు పట్టుపడతారో ఆ 18 చెబుతుంది. ఉక్కు ముక్కలకు అలవాటుపడిన చెయ్యి గేజ్‌ను కొంచెం పక్కకు అంటిస్తే, పదార్థపు గుణంతో పాటు యంత్రపు పట్టు కూడా ఆ అంకెలో కలిసిపోతుంది.

పొరలు పొరలుగా పేర్చిన కాంపోజిట్‌లలో అంచు ఇంకో రకంగానూ తగులుకుంటుంది. పొరల మధ్య ప్రతిబలాలు స్వేచ్ఛగా ఉన్న అంచు దగ్గర ఎగసిపడతాయని, ఆ ప్రాంతం సుమారు పలక మందం అంత ఉంటుందని 1970లో పైప్స్, పగానో లెక్కించారు. పొరలు విడిపోవడం అక్కడే మొదలవుతుంది. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికాలో స్థిరపడిన జె.ఎన్. రెడ్డి 1984లో ప్రతిపాదించిన పలకల సిద్ధాంతం లాంటివి పలక లోపలి ప్రవర్తనను చక్కగా పట్టుకుంటాయి. అంచును ఆనుకున్న ఆ సన్నటి పట్టీని మాత్రం విడిగా లెక్కించుకోవాలి. లోపలి లెక్కకూ అంచు లెక్కకూ మధ్య సంధి ఎలా కుదర్చాలన్నది సున్నితమైన ప్రశ్న. అంచు నుంచి మొదలయ్యే పరిష్కారం తగ్గి పోవాలంటే అక్కడి షరతులు ఏయే నియమాలు పాటించాలో గ్రెగరీ, వాన్ 1984లోనే రాసి చూపించారు. పలకల సిద్ధాంతాలకు ఏ సరిహద్దు షరతులు పెట్టాలన్న పాత వాదనకు అక్కడ గట్టి నేల దొరికింది.

కాంక్రీటు ఇంజనీర్లు ఈ సూత్రాన్ని ఇంకో పద్ధతిలో పనికి పెట్టారు. 1987లో ష్లైష్, షేఫర్, యెన్నెవైన్ నిర్మాణాన్ని రెండు రకాల ప్రాంతాలుగా విడదీశారు. మామూలు దూలం సిద్ధాంతం చెల్లే చోట్లు ఒక రకం. బరువు పడే చోటు, ఆధారం, మూల, రంధ్రం లాంటి వాటికి అటూ ఇటూ దూలం ఎత్తంత దూరం రెండో రకం. అక్కడ ప్రతిబలాల దారులను కర్రల బొమ్మలా గీసుకుని కమ్మీ లెక్కించాలి. ఆ ఎత్తంత దూరం అన్న గీత నేరుగా సెయింట్ వెనాంట్ సూత్రం గీసిందే.

హైదరాబాద్ మెట్రో లాంటి వంతెనల ప్రీకాస్ట్ బాక్స్ గర్డర్లలో ఉక్కు తీగలను లాగి, చివర లంగరు పలకలకు బిగిస్తారు. ఆ చిన్న పలక దగ్గర పుట్టిన మహా ఒత్తిడి గర్డర్ ఎత్తంతా పరుచుకునేలోపు కాంక్రీటును అడ్డంగా చీల్చబోతుంది. అందుకే గర్డర్ చివర్లలో కమ్మీ దట్టంగా, స్ప్రింగుల్లా చుట్టి ఉంటుంది. బిగింపు ప్రభావం అక్కడితో అణగిపోతుందన్న నమ్మకంతోనే మిగతా గర్డర్‌లో కమ్మీ పలచగా వేస్తారు.

ఇదంతా నిలకడగా ఉన్న బరువుల కథ. కదిలే బరువులకు కథ మారుతుంది. సుత్తితో ఒక దెబ్బ కొడితే అల పుడుతుంది, అల దూరాన్ని లెక్కచేయదు. పక్కలు కదలకుండా బిగించిన సిలిండర్‌ను ఒక చివర ఊపితే, ఊపే పౌనఃపున్యం ఒక హద్దు లోపల ఉన్నంతవరకు తగ్గుదల ఉంటుందని ఫ్లావిన్, నాప్స్ 1987లో నిరూపించారు. హద్దు దాటితే ఆ హామీ లేదు. అరేఖీయ స్థితిస్థాపకతలో పెద్ద పెద్ద వంపులకు సెయింట్ వెనాంట్ ఊహ ఎంతవరకు నిలబడుతుందో 1988లో మీల్కే లోతుగా పరిశీలించాడు.

ఇటీవలి కాలంలో వచ్చిన కొత్త మలుపు ఈ ప్రశ్నను తిరగేసింది. ఇంతకాలం పదార్థాన్ని చూసి దూరం లెక్కగట్టారు. ఇప్పుడు కావలసిన దూరాన్ని ముందే నిర్ణయించుకుని పదార్థాన్ని అల్లుతున్నారు. కడ్డీలను గళ్లుగళ్లుగా కీళ్లతో కలిపి చేసిన జాలీల్లో, ఒక రకం అల్లికలో మెత్తటి కదలికలన్నీ ఒకే అంచున చేరి, లోపలికి పోయేకొద్దీ ఘాతాంకంగా తగ్గిపోతాయని కేన్, లుబెన్‌స్కీ 2014లో చూపించారు. అలాంటి జాలీని ఒక వైపు నుంచి వేలితో నొక్కితే దిగబడుతుంది, ఎదురు వైపు నుంచి నొక్కితే బిగుసుకుంటుంది. మధ్యలో పదార్థం ఒకటే, అల్లిక కూడా ఒకటే. గళ్ల వంపు ఎటుందన్నదాన్ని బట్టి ఏ అంచు మెత్తనో, ఏ అంచు గట్టిదో తేలుతుంది.